పేపర్ కొట్టుడు

ఫైబర్ డబ్బా మీది పాత రంగు ఎట్ల తీస్తరో చెప్పేముందు ఆ రంగు ఎవలదో చెప్పాలె. నేను సెకండ్‌హ్యాండుల కొన్న బుల్లెట్టుకు కంపెనీ ఇచ్చిన రేకు డబ్బాలు లేవు. పాత ఆసామి వాటిని పీకించి ఫైబర్‌వి పెట్టించిండు. హెడ్‌లైటు చుట్టూ ఫైబర్ వైజరు ఏయించిండు. మూడింటి మీద ఇంటిపేరు, దాని ఎనుక కులం తోక. కుంచెతోటి రాసిన లావు అక్షరాలు, బంగారు రంగు. బండి కాయితాలు నా పేరు మీదికి మారినయి, అక్షరాలు మారలె.

బడి ముందర బండి ఆపితే నాలుగో తరగతి పిల్ల కూడబలుక్కుంట సదివి, "సార్, గిది మీ పేరా?" అని అడిగింది. ఆ పిల్లకు అక్షరాలు నేర్పింది నేనే. స్టాఫ్‌రూంల మాట ఇంకో తీరు ఉంటది. "ఉండనీయ్ సార్, గౌరవంగ ఉంది గద" అని నవ్విండు ఒకాయన. కొన్ని ఊర్లల్ల ఆ పేరు జూసి నాకు కుర్చీ ఏసిన మాట నిజమే. ఆ కుర్చీ ఎవలకేసిండ్రో నాకు తెలుసు.

సిద్దిపేటల పెయింటర్ భాయి కాడికి తీస్కపోతే, ఎంబడి వచ్చిన దోస్తు మీదికెల్లి నల్లరంగు కొట్టుమన్నడు. భాయి ఒప్పుకోలె. "కొడ్త సాబ్, అక్షరాలు మల్ల లేస్తయి" అన్నడు. కుంచెతోటి రాసిన అక్షరానికి అంచు ఉంటది. మీద కోటు కొట్టినా ఆ అంచు మెట్టు లెక్కనే నిలుస్తది, రంగు ఆరి కుంచించుకపోయినంక ఇంకింత తేల్తది. పొద్దుగూకే ఎండ ఏటవాలుగ పడితే నలుపు మీద నలుపుగ పేరంత సదువొచ్చు. కులం సంగతి ఇంత సాఫ్‌గ చెప్పినోన్ని నేను కాలేజీల సూడలె.

రేకుకైతే పెయింట్ రిమూవర్ పూస్తరు, రంగు బొబ్బలెక్కి లేస్తది. ఫైబర్‌కు అది పనికిరాదు. గాజు పోగుల చాపను పాలిస్టర్ రెసిన్‌ల తడిపి అచ్చుల గట్టివడనిస్తే ఫైబర్ డబ్బా అయితది. మీది నున్నటి పొరను జెల్‌కోట్ అంటరు. శానా రిమూవర్లల్ల ఉండే మిథిలీన్ క్లోరైడ్‌కు రంగేదో రెసినేదో తెల్వది, రెండింటినీ మెత్తవరుస్తది. లోపటికి ఇంకిన మందు రేపు కొత్త రంగును సుత లేపుతది. దాని గాలి మనిషికీ చేటే. అమెరికాల మనుషులు సచ్చినంక 2019ల ఇండ్లల్ల వాడేటోళ్లకు అమ్ముడు బందువెట్టిండ్రు. మన షెడ్లల్ల పోరగాండ్లు మూతికి గుడ్డ లేకుంట పూస్తనే ఉన్నరు. వేడిగాలి మిషనుకు కూడ రెసిన్ పాడైతది. ఇగ మిగిలింది చెయ్యి. దానికి పేపర్ కొట్టుడని పేరు.

భాయికి పని బగ్గ ఉండె. డబ్బాలు ఇప్పుకొని ఇంటికి తెచ్చుకున్న. ముందుగాల సబ్బునీళ్లతోటి కడిగిన, జిడ్డు మీదనే రుద్దితే అది గీతలల్లకు దిగి కొత్త రంగును పట్టనియ్యది. వాటర్ పేపర్‌ను చెక్కముక్కకు సుట్టి, నీళ్లు సల్లుకుంట రుద్దాలె. ఉత్త ఏళ్లతోటి రుద్దితే గుంతలు వడ్తయి. బంగారు అక్షరం పోయినంక ఎరుపు, దాని కింద బూడిద రంగు ప్రైమర్, దాని కింద తెల్లటి జెల్‌కోట్. ఆడ ఆగాలె. ఇంకా దిగితే గాజు పోగులు తేల్తయి. ఆ దుమ్ము ఒళ్లంత దురద, ఊపిరికి ముప్పు. మాస్కు లేంది కూసోవద్దు.

వాకిట్ల నేను రుద్దుతుంటే మా బాపు జూసి చెక్క గుంజుకున్నడు. బాపు సదువుకోలె. వయసుల ఉన్నప్పుడు తాత ఎంబడి లంద కాడ పనిజేసిండు. తోలును సున్నంల నానవెట్టి ఎంటికలు ఊడదీసి, పర్సి, కత్తితోటి కండ గీకేది. ఆనెంక తంగేడు చెక్క నీళ్లల్ల ఊరేసేది. కత్తి జర్ర లోతుకు పోతే తోలుకు పొక్క, పైపైన పోతే కండ మిగిలి కుళ్లు. ఎంత లోతు అనేది కంటికి తెల్వది, చేతికే తెలుస్తది. బాపు అరచేతితోటి డబ్బాను నిమురుకుంట, సప్పుడు ఇనుకుంట, "ఈడికి సాలు, కింద వేరే ఉంది" అన్నడు. తడి తుడిసి జూస్తే బూడిద రంగు పోయి తెలుపు అప్పుడే తేలింది. ఒక్క పోగు లేవలె.

నేను డిగ్రీల కెమిస్ట్రీ సదివిన. సున్నం ఎంటికను ఎట్ల ఊడగొడ్తదో, తంగేడు చెక్కల టానిన్ తోలును కుళ్లకుంట ఎట్ల కాపాడ్తదో ఆ మూడేండ్లల్ల ఏ సారూ చెప్పలె. లంద వాసన మీద మాత్రం ఒకాయన జోకేసిండు. క్లాసు నవ్వింది.

డబ్బాలు బాగ ఆరినంక లొల్లి మొదలైంది, ఇప్పుడేం రాయాలె? 1994ల దండోర లేసినంక మనోళ్లు తిట్టుగ ఇన్న మాటనే పేరెనుక తగిలిచ్చుకున్నరు. మా తమ్ముడు, "మాదిగ అని రాపియ్యన్నా, గదే బంగారు రంగుల" అన్నడు. అదీ, పాత ఆసామి తోకా ఒకటే అనేటోళ్లతోటి నాకు పేచీ ఉంది. ఒకటి ఊరిని బెదిరియ్యనీకె రాసింది, ఇంకోటి బెదురు పోయినంక రాసింది. తమ్ముని మాట తీసెయ్యలె. కని బండి మీద నంబరు తప్ప ఏం వద్దన్న. నా పేరు అడిగితే నోటితోటి పూరా చెప్త.

భాయి డబ్బాల మీద గోరుతోటి గీరి సూసిండు. ఏడ అంచు తగల్లె. సూదిమొన పొక్కలు నాలుగైదు ఉంటే లప్పం పెట్టుడే, ప్రైమర్ కొట్టుడే అన్నడు.

"ఎవలు కొట్టిండ్రు సాబ్ పేపర్?"

"మా బాపు."

"పెద్దాయనను రమ్మను. మా పోరగాండ్లకు జర నేర్పుతడు."

ఇంటికొచ్చి చెప్తే బాపు బీడీ ఆర్పి, "కూలెంత ఇస్తడట?" అని అడిగిండు.