రస్క్ ఖాందాన్

మా భాంజా దుల్హన్ స్వీడన్ పిల్ల. ఇంటిపేరు రస్క్. మనకేమో చాయ్‌లో ముంచుకునేది! వాళ్ల జబాన్‌లో చురుకైనవాడని.

పుట్టుపూర్వోత్తరాలు వెతుకుదామంది. ఇద్దరం కూర్చున్నాం. ఆన్‌లైన్‌లో పాత చర్చి రిజిస్టర్లున్నాయి. 1686 చర్చి కానూన్ నాటినుంచి పాస్టర్లు రాసినవి. ముత్తాతల్లో ఒకాయన సిపాయి. ఫౌజులో అందరూ ఆండర్సన్‌లే, అంటే ఆండర్స్ కొడుకులే. పిలిస్తే గందరగోళం. అందుకే ఇలాంటి పొట్టి పేర్లిచ్చేవాళ్లు. ఆయన పోతే ఆ గుడిసెతోపాటు పేరూ తర్వాతి సిపాయికి వెళ్లేది. ఖూన్ కా రిష్తా అక్కర్లేదు. పాపం, పిల్ల మొహం వాడిపోయింది.

నా కళ్లు మాత్రం ఆయన తల్లి దగ్గర ఆగాయి. నిల్స్‌దొత్తెర్. నిల్స్ కూతురు. మన బిన్త్ లాగే. షాదీ అయినా బాప్ పేరే.

మా షజ్రా తీశా. ఏడు తరాలు, అందరూ మర్దులే. దాదీమా పేరేంటని అమ్మీకి ఫోన్ చేశా.

"అందరూ గోరీబీ అనేవాళ్లు బేటా. అసలు పేరా? మీ ఫుప్పూ ఉంటే చెప్పేది."