షూసులు

భిలాయి నగరంలోని స్మృతి నగర్‌లో, ఒక ఇంటి వరండాలో, సాయంకాలం వేళ పదేళ్ల బాలిక ఆంగ్ల పాఠం వల్లె వేస్తున్నది: ‘ఫుట్ – ఫీట్, చైల్డ్ – చిల్డ్రన్, షీప్ – షీప్’. పక్కనే వాలుకుర్చీలో తాతగారు. ఆయన 1960లలో శ్రీకాకుళం ప్రాంతం నుండి వచ్చి ఉక్కు కర్మాగారంలో కార్మికునిగా చేరి, పదవీ విరమణ అనంతరం ఇక్కడే స్థిరపడ్డారు. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం ఫలితంగా, నాటి మధ్యప్రదేశ్‌లో, అంటే 2000 నుండి ఛత్తీస్‌గఢ్ అయిన ప్రాంతంలో, వెలసిన ఆ కర్మాగారం అనేక భాషలవారిని ఒకచోట చేర్చింది. వారిలో తెలుగువారూ ఉన్నారు.

“వాన వచ్చేలా ఉంది. షూసులు లోపల పెట్టమ్మా” అన్నారాయన.

బాలిక పకపకా నవ్వింది. “షూస్ అంటేనే బహువచనం తాతయ్యా! మళ్లీ ‘లు’ ఎందుకు? గలత్ హై!”

ఆయన మారు పలకలేదు. ఆంగ్లం ఆయనకు బడిలో అబ్బినది కాదు. యంత్రాల నడుమ అబ్బినది. బోల్టులు, బేరింగులు, ఫర్నేసులు – చెవిన పడిన ప్రతి మాటకూ ‘లు’ చేర్చి తనది చేసుకున్నారు. ఇన్నేళ్లకు ఆ పలుకే మనవరాలి ఎదుట తప్పుగా నిలిచింది.

నిజానికి ఆంగ్లేయులు చేసినదీ ఇదే. ‘అజెండా’ అనేది లాటిన్‌లో బహువచన రూపం. చేయవలసిన పనులు అని దాని అర్థం. ఆంగ్లం దానిని ఏకవచనంగా స్వీకరించి, ‘అజెండాస్’ అన్నది. మన కార్యాలయాలలో అవి ‘అజెండాలు’ అయినాయి. ‘చిల్డ్రన్’ చరిత్ర మరింత విచిత్రం. మధ్యయుగాలలో బహువచనంగా ఉన్న ‘చిల్డర్’ అనే రూపానికి ‘ఎన్’ అనే మరో బహువచన ప్రత్యయం తోడై నేటి మాట ఏర్పడింది. బాలిక కంఠస్థం చేస్తున్న పాఠంలోనే ‘షూసుల’కు తోబుట్టువు ఉన్నదన్నమాట.

కొంతసేపటికి ఆమె పుస్తకం మూసి అడిగింది: “తాతయ్యా, మన ఊళ్లో ఎన్ని ఇల్లులు ఉంటాయి?”

ఆయన నవ్వలేదు. “ఇళ్లు అనాలి తల్లీ. ఇల్లు – ఇళ్లు, రాయి – రాళ్లు, చెట్టు – చెట్లు” అని నెమ్మదిగా చెప్పారు.

తెలిసిన సూత్రాన్ని తెలియని మాటకు వర్తింపజేయడం పసివారి సహజ గుణం; భాషలదీ అదే గుణం. ప్రాచీనాంగ్లంలో ‘బుక్’ అనే మాటకు కూడా ‘ఫుట్’కు వలెనే లోపలి అచ్చు మారి బహువచనం ఏర్పడేది. కాలక్రమాన జనం దానిని వదలి, ‘బుక్స్’ అనడం మొదలుపెట్టారు, అదే వ్యాకరణమైంది. అయితే ఈ బాలిక ఆంగ్లాన్ని సరిదిద్దడానికి బడి ఉన్నది, పాఠ్యపుస్తకం ఉన్నది. ఆమె తెలుగును సరిదిద్దడానికి ఉన్నది ఆ వాలుకుర్చీలోని ఎనభై ఏళ్ల గొంతు ఒక్కటే.

బాలిక నోటుపుస్తకం చివరి పేజీ తెరిచి, ‘ఇల్లు – ఇళ్లు’ అని తనకు వచ్చిన నాగరి లిపిలోనే రాసుకున్నది. అంతలో చినుకులు మొదలైనాయి. ఆమె గబగబా మెట్ల దగ్గరికి వెళ్లి వచ్చింది.

“షూసులు లోపల పెట్టాను తాతయ్యా” అన్నది.