నేల మీద ఏం పరవాలి?

మిన్నెసోటాలో స్నోమొబైల్ ట్రైలర్ కొన్న ప్రతివాడూ అడిగే ప్రశ్న ఇది. నన్నడిగితే ముందు అడగాల్సింది, "నీళ్ళు ఎటు పోతాయి?" అని.

చలికాలంలో బండితో పాటు మంచూ, రోడ్డు మీది ఉప్పూ లోపలికొస్తాయి. నాలుగు వైపులా మూసున్న ట్రైలర్‌లో ఆ తడి ఓ పట్టాన ఆరదు. చాలా వాటిల్లో నేల ప్లైవుడ్డే. దానిమీద రబ్బరు షీటు జిగురుతో అంటిస్తే చూడ్డానికి బ్రహ్మాండం. కానీ అంచుల్లోంచి దిగిన నీళ్ళు అక్కడే ఉండి చెక్కని కుళ్ళబెడతాయి. ఉత్త పెయింటైతే ట్రాక్‌కున్న మేకులు గీరేస్తాయి. అల్యూమినియం రేకు తడిస్తే కాలు జారుతుంది.

నా ఓటు: ప్లైవుడ్‌ని అంచులతో సహా సీలు చేసి, స్కీలు జారే దారిలో గట్టి ప్లాస్టిక్ పట్టీలు, ట్రాక్ కింద మందపాటి రబ్బరు మ్యాటు. మ్యాటు అంటించొద్దు, కొసల్లో బిగిస్తే చాలు. మంచు కరిగే రోజులు రాగానే తీసి ఆరబెట్టుకోవచ్చు.

మ్యాటు పోతే ఇంకోటి కొనుక్కుంటాం. నేల పోతే? రెండొందల కిలోల పైచిలుకు బండి నిలబడేది దాని మీదేగా!