కయుగా సరస్సు అడుగు నీరు, ఒక విశ్వవిద్యాలయం వేసుకున్న లెక్క

చదువుకోసం అమెరికా వచ్చే తెలుగు విద్యార్థికి విశ్వవిద్యాలయ ప్రాంగణంలో పర్యావరణ స్పృహ మొదట రంగురంగుల చెత్తడబ్బాల రూపంలోనూ, సైకిల్ స్టాండ్ల రూపంలోనూ కనిపిస్తుంది. అవి అవసరమైనవే. అయితే చలిదేశపు ప్రాంగణం వాతావరణంలోకి వదిలే కర్బన వాయువుల్లో అధికభాగం భవనాలను వెచ్చబెట్టడానికి, చల్లబరచడానికి, వాటికి విద్యుత్తు అందించడానికి వాడే ఇంధనం నుంచే వస్తుంది కనుక, అసలైన నిర్ణయాలు నేల కింద పరచిన గొట్టాలలో ఉంటాయి. ఈ సంగతి స్పష్టంగా తెలిసే చోట్లలో న్యూయార్క్ రాష్ట్రంలోని ఇథాకా పట్టణం ఒకటి. అక్కడ కొండమీద కార్నెల్ విశ్వవిద్యాలయం, కొండ దిగువన కయుగా సరస్సు ఉన్నాయి.

ఈ సరస్సు సుమారు 61 కిలోమీటర్ల పొడవు, అత్యధికంగా 133 మీటర్ల లోతు కలది. మంచినీటికి 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర సాంద్రత అత్యధికంగా ఉంటుంది కాబట్టి, చలికాలంలో ఆ స్థాయికి చల్లబడిన నీరు అడుగుకు చేరి, వేసవిలో పైపొర వేడెక్కినా కలవకుండా అక్కడే నిలిచి ఉంటుంది. ప్రాంగణాన్ని చల్లబరచడానికి కార్నెల్ 2000 జూలైలో మొదలుపెట్టిన ఏర్పాటు ప్రకారం, ఒడ్డు నుంచి మూడు కిలోమీటర్లకు పైగా లోపలికి వేసిన గొట్టం సుమారు 76 మీటర్ల లోతు నుంచి ఆ నీటిని తోడి, ఒడ్డునున్న ఉష్ణవినిమయ కేంద్రానికి చేరుస్తుంది. ఉష్ణవినిమయం అంటే రెండు ప్రవాహాలు పలుచని లోహపు పలకలకు అటూ ఇటూ సాగుతూ, ఒకదానితో ఒకటి కలవకుండా వేడిని మాత్రం ఇచ్చిపుచ్చుకోవడం. కొండమీది భవనాల వేడిని మోసుకొచ్చిన నీరు అక్కడ చల్లబడి తిరిగి పైకి పోతుంది. సరస్సు నీరు కొంత వేడెక్కి సరస్సులోకే చేరుతుంది. అంతకుముందు ప్రాంగణాన్ని చల్లబరచిన యంత్రాలు ఓజోన్ పొరను దెబ్బతీసే క్లోరోఫ్లోరోకార్బన్లపై ఆధారపడినవి. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం తరువాత వాటిని ఎలాగూ మార్చవలసి రావడంతో, విశ్వవిద్యాలయం అదే రకం కొత్త యంత్రాలు కొనకుండా దాదాపు 5.8 కోట్ల డాలర్లతో ఈ మార్గం ఎంచుకుంది. ఫలితంగా చల్లబరచడానికి అయ్యే విద్యుత్తు ఎనభై శాతానికి పైగా తగ్గింది.

ఇంత చక్కని ఏర్పాటుకు కూడా ఎదురు ప్రశ్న వచ్చింది. అడుగు నీటిలో కరిగి ఉన్న భాస్వరం, అంటే మొక్కలతోపాటు నాచునూ పెంచే పోషకం, దక్షిణ భాగంలోని లోతు తక్కువ నీటిలోకి చేరుతుందనీ, వాగుల నుంచీ మురుగునీటి శుద్ధి కేంద్రాల నుంచీ ఇప్పటికే భాస్వరం అందుకుంటున్న ఆ భాగంలో నాచు మరింత పెరుగుతుందనీ స్థానికులు ఆందోళన తెలిపారు. వివాదం ఏళ్ల తరబడి సాగింది. చివరికి 2013లో రాష్ట్ర పర్యావరణ శాఖ అనుమతిని పునరుద్ధరించినపుడు, సరస్సు మొత్తానికి గణిత నమూనా తయారుచేసే అధ్యయనం చేయించాలన్న షరతు విధించింది. పర్యావరణానికి మేలు చేసే పని కాబట్టి దాన్ని ప్రశ్నించకూడదన్న ధోరణి తలెత్తే చోట ఇటువంటి షరతు ఎంతో విలువైనది.

అంతకంటే లోతైన పరీక్ష బొగ్గు విషయంలో ఎదురైంది. విద్యుత్తునూ వేడినీ ఒకే ఇంధనంతో కలిపి ఉత్పత్తి చేసే సహజవాయువు కేంద్రం 2009 చివర సిద్ధం కావడంతో, 2011 నాటికి కార్నెల్‌లో బొగ్గు మండించడం పూర్తిగా ఆగిపోయింది. పొగగొట్టం దగ్గర చూస్తే కర్బన ఉద్గారాలు గణనీయంగా తగ్గాయి. అయితే అదే 2011లో అదే విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ హోవర్త్, ఆంథొనీ ఇన్‌గ్రాఫియా సహరచయితతో కలిసి ఒక పరిశోధనపత్రం ప్రచురించారు. షేల్ అనే పొరల రాయిని నీటి ఒత్తిడితో పగలగొట్టి తీసే సహజవాయువు, బావి నుంచి వాడకం వరకు సాగే దారిలో కొంత మీథేన్‌గా గాలిలోకి కారిపోతుందనీ, ఇరవై ఏళ్ల వ్యవధిలో చూస్తే దాని తాపప్రభావం బొగ్గుకు తీసిపోకపోవచ్చనీ అందులో వాదించారు. మీథేన్, బరువుకు బరువు పోలిస్తే, ఆ వ్యవధిలో బొగ్గుపులుసు వాయువు కంటే ఎనభై రెట్లకు పైగా వేడిని పట్టి ఉంచుతుంది. ఆ పత్రంపై తీవ్రమైన శాస్త్రీయ వాదోపవాదాలు జరిగాయి. జరగడం సహజం కూడా. గమనించవలసింది ఏమిటంటే, 2035 నాటికి కర్బన తటస్థత సాధించే మార్గాలపై, అంటే వదిలే వాయువులూ వాటికి సరితూగేలా తగ్గించేవీ సమానమయ్యే స్థితికి చేరే మార్గాలపై, 2016లో వెలువడిన కార్నెల్ నివేదిక తన గోడల బయట, ఎక్కడో బావుల దగ్గర కారే మీథేన్‌ను కూడా లెక్కలోకి తెచ్చింది. అలా కలిపితే సంస్థ చూపవలసిన అంకె బాగా పెరుగుతుందని తెలిసి కూడా ఆ పని జరిగింది. ఒక విద్యాసంస్థ పర్యావరణ నిబద్ధతకు ఇంతకంటే నమ్మదగిన గుర్తు దొరకడం కష్టం. సహజవాయువుకు ప్రత్యామ్నాయంగా భూగర్భపు వేడితో ప్రాంగణాన్ని వెచ్చబెట్టవచ్చునా అని పరిశీలించడానికి 2022లో దాదాపు మూడు కిలోమీటర్ల లోతైన పరిశీలనా బావిని తవ్వారు.

తెలుగు రాష్ట్రాల కళాశాలలు ఈ ఏర్పాటును యథాతథంగా తెచ్చుకోలేవు. హుస్సేన్ సాగర్ లోతు పది మీటర్లకు మించదు, ఇక్కడి చలికాలం చెరువు నీటిని 4 డిగ్రీలకు దించేది కాదు. తెచ్చుకోదగినది లెక్క వేసే పద్ధతి. కళాశాలలకు గ్రేడు ఇస్తూ వచ్చిన నాక్ సంస్థ ఏడో ప్రమాణం కింద సౌరవిద్యుత్తు, వాననీటి సంరక్షణ, హరిత తనిఖీ వంటి అంశాలను అడుగుతూ వచ్చింది. ఆ అడగడం మంచిదే అయినా, తనిఖీ నివేదిక గ్రేడు కోసం సిద్ధమై, గ్రేడుతోపాటే బీరువాలోకి చేరితే దానివల్ల ఒక్క యూనిట్ విద్యుత్తు కూడా తగ్గదు. సొంత ప్రాంగణాన్ని సొంత పరిశోధకులే అధ్యయనం చేస్తే ఆ జ్ఞానానికి ఎంత బలం ఉంటుందో 2025లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం పక్కనున్న కంచ గచ్చిబౌలిలో నాలుగు వందల ఎకరాల చెట్లను తొలగించడం మొదలైనపుడు తెలిసింది. ఆ భూమి ఎవరిదన్న వాదాలు ఎలా ఉన్నా, అక్కడి పక్షులనూ జంతువులనూ ఎరిగిన విద్యార్థులు, అధ్యాపకులు గట్టిగా మాట్లాడగలిగారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ పనులను ఆపివేయించింది.

విదేశాల్లో స్థిరపడిన తెలుగువారు తాము చదివిన కళాశాలలకు భవనాలు, కంప్యూటర్ గదులు, ఉపకార వేతనాలు ఇవ్వడం అలవాటుగా మారింది. ఆ దానంలో కొంత భాగాన్ని ప్రతి హాస్టలుకూ, ప్రయోగశాలకూ విడివిడిగా విద్యుత్తు మీటర్లు, నీటి మీటర్లు బిగించడానికి కేటాయించి, జనరేటర్ల డీజిలునూ ట్యాంకర్ల నీటినీ కలిపి ఏటా లెక్కను బహిరంగంగా ప్రకటించాలని షరతు పెట్టవచ్చు. ఆ అంకెలను సేకరించి విశ్లేషించే పనిని అక్కడి ఇంజనీరింగు, పర్యావరణ శాస్త్ర విద్యార్థులకే చివరి సంవత్సరపు ప్రాజెక్టుగా అప్పగించవచ్చు. వారి నివేదిక యాజమాన్యానికి ఇబ్బంది కలిగించేదిగా ఉన్నా ప్రకటించి తీరాలన్న నియమం మాత్రం దానపత్రంలోనే రాసుకోవాలి.