మా గుడి బోర్డు మీద పేర్లు

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని వార్డెన్ గారు అడిగినప్పుడు, పోటీ పరీక్షలకు ఎలా చదవాలి అనే అంశం మీద రాద్దామనుకున్నాం. అటువంటివి ప్రతి ఏడూ రెండు మూడు వస్తూనే ఉన్నాయి. అందుచేత ఈసారి మా ఎం.ఏ. చరిత్ర ప్రాజెక్టు కోసం తిరిగినప్పుడు తెలిసిన సంగతులు రాస్తున్నాం. "మేము" అని రాస్తున్నందుకు మిత్రులు నవ్వవద్దు. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది మేమే మొదలు. ఈ చదువులో నాన్న కూలి డబ్బులున్నాయి, అమ్మ డ్వాక్రా అప్పుంది, నాయనమ్మ పింఛనుంది. "నేను చదివాను" అని రాయబోతే కలం ఆగుతోంది.

మాది తణుకు వైపు కాలువ గట్టు మీద ఊరు. పేటలో లూథరన్ గుడి ఉంది. లోపలికి వెళ్ళగానే ఎడమచేతి గోడకు నీలం రంగు చెక్క బోర్డు. "సంఘమునకు పరిచర్య చేసిన కాపరులు" అని పైన తెల్ల అక్షరాలు, కింద పేర్లు, ఎదురుగా సంవత్సరాలు. మొదటి మూడూ దొరల పేర్లు. తర్వాతవన్నీ మనవాళ్ళవి. చిన్నప్పుడు ప్రసంగం బాగా సాగిపోతే ఆ పేర్లు లెక్కపెడుతూ కూర్చునేవాళ్ళం. మొత్తం పదిహేడు.

ప్రాజెక్టుకు ఏ అంశం తీసుకోవాలో తోచక తిరుగుతుంటే, మా గైడ్ గారు "మీ ఊళ్ళో గోడ మీద ఏముందో ముందు అది చదివి రండి" అన్నారు. ఆయన శాసనాలను ఉద్దేశించి అన్నారు. మా పేటకు శాసనాలెక్కడివి? బోర్డే మా శాసనం అనుకున్నాం.

ముందు రాజమండ్రి సంగతి చెప్పాలి. (2015 నుంచి రాజమహేంద్రవరం అని రాస్తున్నారు. మా నోటికి మాత్రం రాజమండ్రే వస్తుంది.) మా ఊరి గుడికి తల్లి అక్కడి మిషనే. నెట్‌లో స్కాన్ చేసి పెట్టిన పాత మిషన్ పుస్తకాలు తెచ్చుకుని, ఇంగ్లీషు అర్థం కాని చోట నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాం. ఇన్ని దేశాలవాళ్ళు ఒకరి వెనుక ఒకరు ఇక్కడికి వచ్చారని అంతకుముందు మాకు తెలియదు.

మన డెల్టాలో తొలుత పాతుకున్నది లూథరన్లు కారు. 1836లో ఇంగ్లండులోని డెవన్ నుంచి విలియం బౌడెన్, జార్జి బీర్ అనే ఇద్దరు వచ్చి నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో పని మొదలుపెట్టారు. వాళ్ళు పెద్ద చదువుల దొరలు కారు. బౌడెన్ రాతిపనివాడు, బీర్ చెప్పులు కుట్టేవాడు. ఈ మాట చదివినప్పుడు మా గదిలో అందరం ఒక్క నిమిషం మాట్లాడలేదు. మా గదిలో ఒక మిత్రుడి తాత చెప్పులు కుట్టేవాడు. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట కట్టించే రోజుల్లో వీళ్ళు అక్కడి కూలీల మధ్య బోధించారు. ఆ కూలీలు ఎవరో వేరే చెప్పనక్కరలేదు కదా.

రాజమండ్రిలో లూథరన్ పని 1845లో మొదలైంది. జర్మనీ నుంచి వాలెట్ దొర వచ్చారు, తర్వాత గ్రోనింగ్ వచ్చారు. 1848లో వాళ్ళ దేశంలో అల్లర్లు లేచి డబ్బు రావడం ఆగిపోయింది. దాంతో ఈ మిషన్‌ను గుంటూరులో ఉన్న అమెరికన్ లూథరన్లకు అప్పగించారు. అంటే రాజమండ్రిలో ప్రార్థన జరుగుతుందా లేదా అనేది ఎక్కడో హాంబర్గ్‌లో ఎవరి జేబులో ఎంత ఉందనేదాని మీద ఆధారపడిందన్నమాట. గ్రోనింగ్ మాత్రం వెళ్ళిపోకుండా కొత్తవాళ్ళతోనే పనిచేశారు.

అందరికంటే ఎక్కువగా గుర్తుండేది హయ్యర్ గారు. పుట్టింది జర్మనీలో, 1793లో. పిల్లవాడిగానే అమెరికా వెళ్ళారు. 1842లో గుంటూరు వచ్చారు. నాలుగేళ్ళకు తిరిగి వెళ్ళి వైద్యం చదివి డాక్టరై మళ్ళీ వచ్చారు. 1857లో అమెరికా వెళ్ళిపోయారు. అక్కడితో అయిపోయిందనుకున్నారు అందరూ. ఇంతలో అమెరికాలో లూథరన్ సంఘం రెండుగా చీలింది. ఇక్కడ గ్రోనింగ్ కూడా జర్మనీ వెళ్ళిపోయారు. 1866లో ఆడమ్ లాంగ్ అనే ఆయన మశూచి సోకి చనిపోయారు. గుంటూరు నుంచి ఇక్కడిదాకా చూసుకోవడానికి ఉనాంగ్స్ట్ దొర ఒక్కరే మిగిలారు. డబ్బు లేదు, మనుషుల్లేరు. రాజమండ్రిని ఇంగ్లీషు వాళ్ళ చర్చి మిషనరీ సొసైటీకి ఇచ్చేద్దామని నిర్ణయించారు. అది విని 1869లో పెన్సిల్వేనియాలో జరిగిన సభకు హయ్యర్ గారు వెళ్ళి, ఇవ్వడానికి వీల్లేదు, ఎవరూ వెళ్ళకపోతే తానే వెళతానన్నారు. అప్పటికి ఆయనకు డెబ్భై ఆరేళ్ళు. అన్నట్టుగానే ఓడెక్కి వచ్చారు. 1870లో సాయంగా వచ్చిన బెకర్ అనే కుర్ర పాస్టరు కొద్ది వారాలకే జబ్బుతో చనిపోయాడు. ముసలాయన మాత్రం నిలబడ్డారు. ఆ ఏడే వచ్చిన ష్మిట్ గారికి పని అప్పగించి 1871లో వెళ్ళారు. ష్మిట్ గ్రోనింగ్ దగ్గర తయారైనవాడే. ముప్పై ఏళ్ళకు పైగా ఉండిపోయారు. మా ఊరి బోర్డు మీది దొరలు వీరి తర్వాతి తరం వాళ్ళు.

ఇదంతా రాసుకుని మా గైడ్ గారికి చూపించాం. ఆయన అంతా చదివి ఒకే ప్రశ్న వేశారు. "1866 నుంచి 1869 దాకా రాజమండ్రిలో దొర లేడు కదా. మరి గుడి తలుపు ఎవరు తీశారు?"

మా దగ్గర జవాబు లేదు. పుస్తకాల్లో వెతికితే "నేటివ్ హెల్పర్లు" అని ఒక మాట మాత్రం వస్తోంది. అందులో ఇద్దరి పేర్లు తర్వాత పైకి వచ్చాయి, పౌలస్, జోసెఫ్ అని. 1870ల చివరిలో వాళ్ళిద్దరూ పాస్టర్లుగా అభిషేకం పొందారు. రాజమండ్రి మిషన్‌లో తొలి తెలుగు పాస్టర్లు వాళ్ళే. మిగతావాళ్ళు హెల్పర్లుగానే పోయారు.

ఆ ఆదివారం ఊరు వెళ్ళి బోర్డు ముందు నిలబడి సంవత్సరాలు చూశాం. ఇన్నేళ్ళుగా పేర్లు లెక్కపెట్టాం గాని అంకెలు ఎప్పుడూ చూడలేదు. పదో పేరు ఎదుట 1971తో ఆగింది. పదకొండో పేరు 1974తో మొదలైంది. మధ్యలో మూడేళ్ళు ఎవరూ లేరు.

ఇంటికి వచ్చి నాయనమ్మను అడిగాం. ఆమె చేటలో బియ్యం ఏరుతోంది. తల ఎత్తకుండానే చెప్పింది.

"ఆ మూడేళ్ళూ గుడి మూసేశారనుకున్నావా నాన్నా? మా మాంగారు చూసేవారు. అయ్యగారికి బదిలీ అయిపోయింది. కొత్తాయన్ని వెయ్యలేదు. మనకి జీతం ఇచ్చే స్తోమతేదీ?"

ఆమె మాంగారు అంటే మా ముత్తాత. ఉపదేశి అని అందరూ పిలిచేవారట. పొద్దున్న నారుమళ్ళలో పని, సాయంత్రం పేట పిల్లలకు అరుగు మీద అక్షరాలు. ఆదివారం రైలుపట్టా ముక్క మీద కొట్టి గంట మోగించేవాడు. అచ్చు వేసిన ప్రసంగాలు మిషన్ వాళ్ళు ఇస్తే అవి చదివేవాడు. ఇళ్ళ నుంచి వచ్చే పిడికెడు బియ్యం కొలిచి లెక్క రాసేవాడు. ప్రభు భోజనం ఇవ్వడానికి మాత్రం ఆయనకు అధికారం లేదు. దానికి పక్క ఊరి అయ్యగారు మూడు నెలలకోసారి సైకిలు మీద వచ్చేవారట. వానాకాలంలో గట్టు దిగబడి రాకపోతే అదీ లేదు.

"మా పెద్దోడు పోయినప్పుడు కూడా ఎవరూ రాలేదు" అంది నాయనమ్మ. పెద్దోడు అంటే నాన్నకు అన్న కావలసిన పిల్లవాడు. తొమ్మిది నెలలకే జ్వరమొచ్చి పోయాడట. పక్క ఊరికి కబురు పంపితే అయ్యగారు ఏలూరు వెళ్ళారన్నారు. సాయంత్రం దాకా చూసి ముత్తాతే పుస్తకం తీసి సమాధి దగ్గర చదివాడు. సొంత మనవడికి. "గొంతు ఎక్కడా ఆగలేదు. ఇంటికొచ్చాక వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు" అని చెప్పి, చేట తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఇక్కడ మా సొంత గోడు ఒకటి చెప్పుకోవాలి. ఇది చదివే తమ్ముళ్ళలో కొందరికి ఇది కొత్తేమీ కాదు.

బోర్డు మీద లేని ఆ ముత్తాత పేరు గుడి బాప్తిస్మ రిజిస్టరులో మాత్రం ఉంది, 1934లో. ఆ ఒక్క వరుస వల్ల మా కులపత్రం మారింది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే ఇచ్చారు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో ఎస్సీల నుంచి క్రైస్తవులైనవాళ్ళు బీసీ-సి. రిజర్వేషన్ ఒక శాతం. స్కాలర్‌షిప్పులు, హాస్టల్ వంటి సౌకర్యాలు మాత్రం ఎస్సీలతో పాటు ఇవ్వాలని 1977లో రాష్ట్ర ప్రభుత్వం జీవో 341 ఇచ్చింది. మేము ఇన్నేళ్ళు హాస్టల్ అన్నం తిన్నది ఆ జీవో పుణ్యాన.

ఇంటర్ అయ్యాక మా చిన్నాన్న కొడుకూ మేమూ ఒకే పరీక్ష రాశాం. మాకు వాడికంటే మంచి ర్యాంకు వచ్చింది. సీటు వాడికి వచ్చింది. వాళ్ళింట్లో హిందువు అని రాయించారు. ఒకే పేట, ఒకే బావి, ఒకే గుడి, క్రిస్మస్‌కు స్టారు కట్టేది వాడే. వాడిని తప్పు పట్టడం లేదు. ఆకలి వేసినవాడు విస్తరి ఎవరు వేశారని అడగడు. మేము మాత్రం నాన్నను నిలదీశాం, మనం ఎందుకు రాయించలేదని. నాన్న ఏమీ అనలేదు. నాయనమ్మే అంది, "నీ ఇష్టం నాన్నా, రాయించుకో. కానీ ఆ పుస్తకంలో మా మాంగారి పేరు ఉంది. అది లేదనమని మాత్రం నన్నడక్కు." ఆ కోపంతో దసరాకు కూడా ఊరు వెళ్ళలేదు. బి.ఏ.లో చేరాం. ఎవరో తెల్లవాళ్ళు ఓడలో వచ్చి మా సీటు పట్టుకుపోయారని మిత్రుల దగ్గర వేళాకోళం ఆడేవాళ్ళం. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదని ఇప్పటికీ అనుకుంటాం. కానీ గుడి తలుపు తీసింది తెల్లవాళ్ళు కాదని అప్పుడు తెలియదు.

1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం ఏర్పడింది. 1944లో ఇ. ప్రకాశం గారు దానికి తొలి భారతీయ అధ్యక్షులయ్యారు. అంటే వాలెట్ దొర రాజమండ్రిలో దిగాక దాదాపు నూరేళ్ళకు. ఆడవాళ్ళకైతే ఇంకా ఆలస్యం. వాళ్ళను పాస్టర్లుగా అభిషేకించాలని రాజమండ్రి బైబిల్ శిక్షణా పాఠశాల ప్రిన్సిపాల్ బి.వి. సుబ్బమ్మ గారు ఎంతో కాలం పోరాడారు. అది 1999లో గాని జరగలేదు. మా బోర్డు మీద ఇంకా ఒక్క ఆడపేరూ లేదు. కింద ఇద్దరు ముగ్గురికి చోటుంది.

మొన్న సంక్రాంతికి గుడికి సున్నం వేస్తూ బోర్డుకు కొత్త రంగు వేయిస్తున్నారని తెలిసి, సంఘ పెద్దల దగ్గరకు వెళ్ళాం. 1971, 1974ల మధ్య ముత్తాత పేరు, పక్కన ఉపదేశి అని రాయించమని అడిగాం. పెద్దలు చెడ్డవాళ్ళు కారు. కుర్చీ వేసి టీ ఇచ్చారు. "బోర్డు మీద అభిషేకం పొందినవారే ఉండాలి బాబూ. ఒకరిది రాస్తే అందరూ అడుగుతారు" అన్నారు. ఎవరెవరు అడుగుతారని మేమడిగాం. ఆయన వేళ్ళు ముడుచుకుంటూ చెప్పడం మొదలుపెట్టారు. కరువు ఏడు బియ్యం పోగుచేసినాయన, తుఫానుకు కప్పు లేచిపోతే తాటాకులు మోసినావిడ, బడి పంతులు గారు... ఆరు పేర్లు చెప్పాక ఆయనే ఆగి, "అబ్బో, చాలామందే ఉన్నారే" అన్నారు. మేము జేబులోంచి కాగితం తీసి ఆ ఆరూ రాసుకున్నాం.

బోర్డు మీద పేరు ఎక్కలేదు. ప్రాజెక్టులో మాత్రం పదికీ పదకొండుకూ మధ్య ఒక వరుస వేశాం: "1971–74, పాస్టరు లేరు, గుడి నడిపినది ఉపదేశి." గైడ్ గారు ఆధారం ఏదన్నారు. నాయనమ్మ మాట చాలదన్నారు. ఆయన అన్నది న్యాయమే. పండగ మర్నాడు నాయనమ్మ ట్రంకుపెట్టె అడుగునుంచి గుడ్డలో చుట్టిన పుస్తకం ఒకటి తీసి ఇచ్చింది. పిడికెడు బియ్యం లెక్క. ఇంటింటి పేరు, ఎదురుగా సోలలు, తవ్వలు. ముత్తాత చేతిరాత గుండ్రంగా, వాలకుండా ఉంది. మొదటి పేజీలు చెదలు తినేశాయి. 1972 జూలై నుంచి చదవడానికి వీలుగా ఉంది. ఒక్కో పేజీ ఫోనులో ఫోటో తీస్తున్నాం. ఇప్పటికి నలభై ఒకటి అయ్యాయి.