పెనం మీద చికెన్, పచ్చిగుడ్డు మయోనైజ్: నా పొరపాటు



మా కారంపూడిలో ఏటా కార్తీక అమావాస్య నుండి ఐదు రోజులు పల్నాటి వీరారాధనోత్సవాలు జరుగుతాయి. దూరాన స్థిరపడిన పిల్లలందరూ ఆ రోజులలో ఇల్లు చేరుతారు. కొన్నేళ్ల క్రితం అలా వచ్చిన మా మనుమడు, "తాతయ్యా, పెనం మీద కాల్చిన చికెన్, దాని మీద తెల్లని మయోనైజ్ కావాలి" అని అడిగాడు. సీసాలోది ఎందుకని నేనే పూనుకొన్నాను. పచ్చిగుడ్డు, నూనె, నిమ్మరసం మిక్సీలో తిప్పితే చక్కగా చిక్కబడింది. అది రాయబారం నాటి మధ్యాహ్నం. మిగిలినదాన్ని మూతపెట్టి బల్లమీదనే ఉంచి ఉత్సవానికి వెళ్లాము. రాత్రి తిరిగివచ్చి అదే తిన్నాము.

మరునాటికి పిల్లవాడికి జ్వరం, వాంతులు, విరేచనాలు. నాకూ అవే బాధలు. మందపోరు, కోడిపోరు చూడాలని ఎంతో ఆశతో వచ్చినవాడు ఆ రెండు రోజులూ మంచం దిగలేదు. ఓఆర్ఎస్ చెంచాతో కొద్దికొద్దిగా తాగిస్తూ, వాడికి మూత్రం సరిగా వచ్చేవరకు నేను కన్ను మూయలేదు. పరీక్ష చేయించలేదు గనుక కారణం అదేనని రూఢిగా చెప్పలేను. అయినా ఏ రోగి ఈ వృత్తాంతం చెప్పినా నేను మొదట అనుమానించేది ఆ గిన్నెనే. మూడు దశాబ్దాలకు పైగా ప్రభుత్వాసుపత్రిలో ఇతరులకు చెప్పిన జాగ్రత్తను నా వంటింట్లో నేనే మరచాను.

పెంకు శుభ్రంగా కనిపించే గుడ్డు లోపల కూడా సాల్మొనెల్లా ఉండవచ్చు. మనం వేసే నిమ్మరసం దానిని నిశ్చయంగా చంపుతుందని నమ్మడానికి వీలులేదు. గది వేడిమిలో గంటల తరబడి ఉంచితే అది విపరీతంగా వృద్ధి చెందుతుంది. 2024 అక్టోబరులో తెలంగాణ ప్రభుత్వం పచ్చిగుడ్డు మయోనైజ్‌ను ఏడాదిపాటు నిషేధించింది ఇందుకే.

అప్పటినుండి నేను చేసే పద్ధతి ఇది. కప్పు చిక్కని పెరుగును పలుచని గుడ్డలో మూటగట్టి, జల్లెడలో ఉంచి, కింద గిన్నె పెట్టి ఫ్రిజ్‌లో రెండు మూడు గంటలు ఉంచండి. నీరు దిగి మీగడవలె అవుతుంది. నానబెట్టిన ఎనిమిది జీడిపప్పులు, రెండు వెల్లుల్లి రెబ్బలు మెత్తగా రుబ్బి, నిమ్మరసం, మిరియాలపొడి, చిటికెడు ఉప్పుతో పెరుగులో చెంచాతో కలపండి. పెరుగును మిక్సీలో వేస్తే పలచబడుతుంది.

పావుకిలో ఎముకలేని చికెన్‌ను అరంగుళం మందాన కోయించండి. పచ్చిమాంసాన్ని కుళాయి ధార కింద కడగవద్దు. ఆ తుంపరలతో సూక్ష్మజీవులు గట్టుమీద, గిన్నెలమీద పడతాయి. తడిని కాగితంతో అద్ది, పసుపు, ఉప్పు, మిరియాలు, అల్లంవెల్లుల్లి పట్టించండి. పెనం బాగా వేడెక్కాక రెండు చెంచాల వేరుశనగనూనె వేసి, మధ్యస్థమైన మంటపై ఒక్కొక్క వైపు నాలుగైదు నిమిషాలు కాల్చండి. మందమైన ముక్కను కోసి చూస్తే లోపల గులాబిరంగు ఉండరాదు. థర్మామీటరు ఉంటే 74 డిగ్రీల సెల్సియస్ చూపాలి. పచ్చిమాంసం తాకిన కత్తిని, పళ్లాన్ని, చేతులను సబ్బుతో కడిగిన తరువాతే డ్రెస్సింగును ముట్టుకోండి. మిగిలినదాన్ని రెండు గంటలలోపు ఫ్రిజ్‌లో పెట్టి, మరునాటికి ముగించండి. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు మాంసం పరిమాణాన్ని తమ వైద్యుణ్ణి అడిగి నిర్ణయించుకోవాలి.

ఎవరికైనా విరేచనాలు పట్టుకొంటే వెంటనే ఓఆర్ఎస్ మొదలుపెట్టండి. ప్యాకెట్ లేకపోతే లీటరు శుభ్రమైన నీటిలో ఆరు తలగొట్టిన చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపండి. మలంలో రక్తం, ఆగని వాంతులు, మగత, మూత్రం తగ్గడం కనిపిస్తే ఇంట్లో ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

మందపోరునాడు మా ఊరిలో బ్రహ్మనాయుడి చాపకూటిని తలచుకొంటూ కులభేదం లేకుండా అందరూ కలిసి భుజిస్తారు. ఒకే వంట అందరూ తినేచోట వండినవారి అజాగ్రత్త అందరికీ చేరుతుంది. మొన్నటి ఉత్సవాలకు మా మనుమడు మళ్లీ వచ్చాడు. ఈసారి పెరుగు మూటగట్టింది వాడే. కోడిపోరు కూడా చూశాడు.