ఉప్పు నేల మీద నాలుగు చక్రాల పట్టు

కనుచూపు మేరా తెలుపే. మంచేమో అనుకుంటే పొరపాటే... అదంతా ఉప్పు! అమెరికాలోని సాల్ట్‌లేక్ సిటీ నుంచి పడమరకి రెండు గంటలు కారులో వెళితే వెండోవర్ అనే చిన్న ఊరు వస్తుంది. దాని పక్కనే ఉంది బోన్‌విల్ ఉప్పు మైదానం. వేల ఏళ్ల కిందట ఇక్కడుండే మహా సరస్సు ఎండిపోతూ వదిలివెళ్లిన ఆస్తి ఇది. చెట్టూ పుట్టా లేవు. ఎండ పైనుంచే కాదు, కిందనుంచీ కొడుతుంది. అందుకే ఇక్కడికొచ్చేవాళ్లు గడ్డం కిందా ముక్కు కిందా కూడా క్రీము రాసుకుంటారు.

1846లో కాలిఫోర్నియాకి బయల్దేరిన డానర్ బృందం బళ్లు ఈ ఉప్పు ఎడారిలోనే దిగబడ్డాయి. పైన గట్టిగా కనిపించే పొర కింద ఉన్నది బురద. ఎడ్లు పోయాయి, బళ్లు వదిలేశారు. ఆ ఆలస్యం వాళ్లని తర్వాత కొండల్లో మంచుకి చిక్కేలా చేసింది. చక్రానికి పట్టు దొరకడం అన్నది ఈ నేల మీద అప్పటినుంచీ ఉన్న సమస్యే.

ఇప్పుడా నేల మీదే ఏటా ఆగస్టులో ‘స్పీడ్‌వీక్’ జరుపుతారు. 1949లో మొదలైందిది. అందులో ముచ్చటగొలిపేవి రోడ్‌స్టర్లు. 1920లు, 30ల నాటి ఫోర్డు కార్ల ఆకారం, పైకప్పు ఉండదు, ముఖం గోడలా నిటారుగా ఉంటుంది. గాలిని చీల్చడానికి ఇంతకంటే పనికిరాని ఆకారం ఉండదేమో! వాటినే గంటకి మూడు వందల కిలోమీటర్లు దాటించి పరుగెత్తిస్తారు.

ఇంజిను బలం కావలసినంత ఉంటుంది. చిక్కల్లా ఆ బలాన్ని నేలకి అందించడంలోనే. తారురోడ్డు మీద దొరికే పట్టు ఉప్పు మీద దొరకదు. వెనక చక్రాలు కారు కన్నా వేగంగా తిరుగుతూ ఉంటాయి. అలా జారుతున్న టైరు కారుని ముందుకి తోయడమే కాదు, పక్కకి పోకుండా ఆపడం కూడా మానేస్తుంది. మరుక్షణం పొట్టి రోడ్‌స్టర్ బొంగరమే!

మరి నాలుగు చక్రాలనీ తిప్పితే? ఆ ఆలోచన పాతదే. ఇంగ్లండుకి చెందిన జాన్ కాబ్ 1947లో ఇక్కడే గంటకి 634 కిలోమీటర్ల రికార్డు పెట్టాడు. ఆయన రెయిల్టన్ కారులో రెండు విమాన ఇంజిన్లుండేవి. ఒకటి ముందు చక్రాలకి, రెండోది వెనక చక్రాలకి. 1965లో సమ్మర్స్ సోదరుల ‘గోల్డెన్‌రాడ్’ కూడా నాలుగు చక్రాల బలంతోనే 658 కిలోమీటర్లు దాటింది. కారు బరువంతా పట్టుగా మారుతుంది, ఒక్కో టైరు మీద భారం తగ్గుతుంది. లాభమే కదా!

కానీ ఊరికే రాదు. అదనంగా ఒక షాఫ్టు, ఇంకో గేర్ల పెట్టె కావాలి. తిరిగే ప్రతి గేరూ ఇంజిను బలంలో కొంత తినేస్తుంది. ముందు చక్రాలు లాగాలి, మలుపూ తిరగాలి. అవి కూడా జారాయంటే స్టీరింగ్ ఎటు తిప్పినా కారు మాట వినదు. వేగానికి టైర్లు కాస్త ఉబ్బుతాయి. ముందూ వెనకా ఇరుసుల్ని కలిపేసినప్పుడు టైర్ల చుట్టుకొలతల్లో చిన్న తేడా ఉన్నా, అవి ఒకదాన్నొకటి లాక్కుంటాయి. విరిగే వస్తువులూ పెరుగుతాయి. 1960లో మికీ థాంప్సన్ నాలుగు ఇంజిన్ల ‘చాలెంజర్’తో ఒకవైపు 654 కిలోమీటర్ల వేగం అందుకున్నాడు. రికార్డు కావాలంటే తిరుగు పరుగు కూడా పూర్తిచెయ్యాలి. ఆ పరుగులో షాఫ్టు విరిగింది... రికార్డు పోయింది.

పొడవాటి కార్లలో ఈ సరంజామాకి చోటుంటుంది. రోడ్‌స్టర్‌లో ఎక్కడ పెడతారు? ముందు ఇరుసు దగ్గర ఇంజిను కూర్చుని ఉంటుంది. దాన్ని పైకెత్తితే కారు బరువూ పైకి వెళుతుంది. అందుకే చాలామంది చవక మార్గం పట్టారు. వెనక చక్రాల దగ్గర సీసం దిమ్మలు బిగిస్తారు. పందెం కారుకి బరువు కట్టడమా అని నవ్వొస్తుంది గానీ, మైళ్ల తరబడి ట్రాకు ఉన్నప్పుడు వేగం నిదానంగా అందుకున్నా నష్టం లేదు. అక్కడ సీసమే తెలివైన బేరం.

ఆ మైళ్లే ఇప్పుడు తగ్గిపోతున్నాయి. ఒకప్పుడు 13 మైళ్ల దాకా దొరికిన ట్రాకు బాగా కుదించుకుపోయింది. పొటాష్ కోసం ఉప్పునీటిని తోడెయ్యడమే కారణమని రేసర్లు దశాబ్దాలుగా మొత్తుకుంటున్నారు. తోడిన ఉప్పుని తిరిగి మైదానంలోకి పంపే ప్రయత్నాలూ జరిగాయి. 2014, 2015, 2022ల్లో నేల బాగాలేక స్పీడ్‌వీక్ రద్దయింది. దారి పొట్టిదైతే తొందరగా వేగం అందుకోవాలి, దానికి పట్టు కావాలి. అప్పుడు నాలుగు చక్రాల లెక్క మళ్లీ బల్లమీదకొస్తుంది.

మికీ 1968లో తయారుచేసిన రెండో చాలెంజర్ కూడా నాలుగు చక్రాలతో లాగేదే. ఆ ఏడు వానలు దాని పందేన్ని చెడగొట్టాయి. 1988లో మికీ హత్యకు గురయ్యాడు. కారు మూలనపడి ఉంది. కొడుకు డానీ దాన్ని మళ్లీ బతికించి, 2018 ఆగస్టులో ఇదే ఉప్పు మీదికి తెచ్చాడు. రెండు పరుగుల సగటు గంటకి 722 కిలోమీటర్లు. షాఫ్టులు ఈసారి విరగలేదు.